సూది కాదు, పరీక్ష కావాలి!



మా అన్న 2012లో చనిపోయాడు. అప్పటికి అన్న వయసు నలభై. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే కూలీ. అన్న చిన్నప్పుడే చెట్టెక్కాడు గనుక నేను బడికెళ్లాను. అన్న కూలి డబ్బులతోనే డిగ్రీ చదివాను, బీఎడ్ చదివాను, మేష్టర్ని అయ్యాను. మా మాలపేటలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. ఈ చదువు మా అన్న ప్రాణం దగ్గర ఎందుకు పనికిరాకపోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆరేళ్లపాటు అన్నకి నడుం నొప్పి, కాళ్లు పీకుడు. పొద్దున్నే చెట్టెక్కాలి, మధ్యాహ్నం దాకా ఎండలో ఉండాలి. సాయంకాలం ఆరెంపీ దగ్గరికెళ్లి నొప్పి సూది వేయించుకునేవాడు. "సూదేయించుకుంటే రేప్పొద్దుటికి మళ్లీ పన్లోకెళ్లిపోతానురా" అనేవాడు. వెళ్లేవాడు కూడా. వారానికో సూది, నొప్పి ఎక్కువైతే రెండు. జేబులో ఎప్పుడూ నొప్పి మాత్రలు ఉండేవి. చివరి ఏడాది ఆకలి పోయింది, పొద్దున్నే వాంతులు, ఒళ్లంతా దురద. "పచ్చకామెర్లేమో" అని పసరు పోయించారు. ఆఖరికి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రక్తం తీసి చూశారు. క్రియాటినిన్ 9 దాటింది. "రెండు కిడ్నీలూ పోయాయి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు మా మీద కేకలేశాడు.

ఏం చేస్తున్నాం? సూదులు వేయించుకుంటున్నాం. ఆరేళ్లలో అన్న ఒంట్లోకి ఎన్ని సూదులు దిగాయో లెక్క లేదు. పరీక్ష కోసం చుక్క రక్తం బయటికి తీసిన సూది మాత్రం ఒక్కటీ లేదు.

అన్నని మట్టి చేసి వచ్చిన రాత్రి మా వదిన నన్నొక మాట అడిగింది. "నువ్వు సదువుకున్నోడివి కదా బాబూ, నీక్కూడా తెల్లేదా?" ఆ ప్రశ్నకి ఆరోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబే. మా వదినకి ఒక్కదానికే కాదు, ఈ కాగితం చదివే ప్రతి పేటకీ, ప్రతి కార్యకర్తకీ.

ముప్పై ఏళ్లుగా చస్తున్నాం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొబ్బరి, జీడి, పనస తోటల సీమ మా ఉద్దానం. పచ్చగా ఉంటుంది గనుక బయటివాళ్లు ముచ్చటపడతారు. ఈ పచ్చదనం కింద 1990ల నుంచీ మనుషులు కిడ్నీలు పోయి చస్తున్నారు. విశాఖపట్నం మూత్రపిండాల వైద్యుడు, ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా కూడా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీని గురించి చెబుతూనే వచ్చారు. ఆ తర్వాత దేశవిదేశాల పరిశోధకులు వచ్చారు. నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు. గత పదేళ్లలో అచ్చయిన సర్వేలు చూస్తే పెద్దవాళ్లలో ఐదారుగురికి ఒకరు ఈ జబ్బుతో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి షుగరూ లేదు, ముందునుంచీ బీపీ కూడా లేదు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భారీ లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, నొప్పి మందులన్నారు. ఒక్కటే కారణం కాదు, కొన్ని కలిసి దెబ్బతీస్తున్నాయని చాలామంది పరిశోధకుల అనుమానం.

ఇది ఒక్క ఉద్దానం గోడు కూడా కాదు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం లంబాడీ తండాల్లో ఇదే ఏడుపు. సముద్రాల అవతల శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరుకు కోత కూలీల్లో ఇదే జబ్బు. నికరాగువాలో చెరుకు కూలీలుండే ఒక ఊరికి 'వితంతువుల దీవి' అనే పేరే పడిపోయింది. దేశాలు వేరు, భాషలు వేరు. పోయేవాళ్లు మాత్రం అంతటా ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే.

ఈ జబ్బు ఉద్దానంలో అన్ని కులాల్లోనూ ఉంది. మత్స్యకారులు, కాళింగులు, రైతులు, కూలీలు అందరూ పోతున్నారు. అబద్ధం చెప్పాల్సిన పని మనకి లేదు. జబ్బు కులం అడగదు. పరీక్ష దగ్గర మాత్రం కులం ఉంది, డబ్బు ఉంది, దూరం ఉంది. పదెకరాల తోట ఉన్నవాడు కాస్త నీరసంగా ఉందంటే విశాఖ వెళ్లి నిలువెల్లా పరీక్ష చేయించుకుంటాడు. క్రియాటినిన్ ఒకటిన్నర ఉన్నప్పుడే అతనికి తెలిసిపోతుంది. ఆ తోటలో చెట్టెక్కేవాడికి తొమ్మిది దాటాక తెలుస్తుంది. మొదటివాడు ఇంకో ఇరవై ఏళ్లు బతకొచ్చు. రెండోవాణ్ని ఇంకో ఏడాదిలో మోసుకెళ్లాలి. ఈ తేడా దేవుడు పెట్టాడా?

కిడ్నీ నోరు విప్పదు

కిడ్నీ ఏం చేస్తుందో మనం తెలుసుకోవాలి. తెలియకపోతే ఎవడేం చెప్పినా నమ్ముతాం.

నడుము పైన వెన్నుకి అటొకటి ఇటొకటి పిడికిలంత కిడ్నీలు ఉంటాయి. రోజుకి సుమారు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడగట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. అంతటితో అయిపోదు. రక్తం పట్టడానికి కావలసిన హార్మోను తయారుచేసేవి అవే. బీపీని అదుపులో ఉంచేవి అవే. ఎముకల గట్టితనం చూసేవీ అవే. అందుకే కిడ్నీలు చెడినవాడికి రక్తం తగ్గిపోతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు నొప్పెడతాయి.

పని సగం పోయినా కిడ్నీలు కిక్కురుమనవు. నొప్పి ఉండదు. మూత్రం మామూలుగానే వస్తుంది. ఆకలి పోవడం, వాంతులు, దురద, ఆయాసం వచ్చేసరికి చాలావరకు పోయి ఉంటుంది. ఒంటిని బట్టి తెలుసుకుందాం అనుకుంటే ఆలస్యమైపోయినట్టే. పరీక్షతోనే తెలియాలి.

ఏ పరీక్షలు? ఇవి రాసి పెట్టుకోండి.

మొదటిది, బీపీ చూడటం. రెండోది, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతోందా అని చూడటం. షుగరు, బీపీల వల్ల కిడ్నీలు చెడుతుంటే ఈ పరీక్షలో ముందుగానే పట్టుబడుతుంది. మూత్రం నురగలా రావడం, ముఖం, కాళ్లు ఉబ్బడం కూడా దీనికి గుర్తే. మూడోది, రక్తంలో క్రియాటినిన్. నాలుగోది, పొట్టకి స్కానింగు. రాళ్లున్నాయా, మూత్రం దారిలో ఎక్కడైనా అడ్డముందా, కిడ్నీలు కుంచించుకుపోయాయా అన్నది అందులో కనబడుతుంది.

ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్తగా వినండి. ఉద్దానం జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు. కాళ్లు వాయవు. బీపీ కూడా చివరిదాకా మామూలుగానే ఉండొచ్చు. అంచేత క్యాంపు పెట్టి, మూత్రంలో కాగితప్పుల్ల ముంచి, "రంగు మారలేదు, నీకేం లేదు, వెళ్లు" అంటే నమ్మొద్దు. రక్తం తీసి క్రియాటినిన్ చూడకుండా పెట్టిన కిడ్నీ క్యాంపు ఫొటోల కోసం పెట్టిన క్యాంపు.

రెండో మోసం ఆ క్రియాటినిన్ కాగితంలోనే ఉంది. క్రియాటినిన్ అనేది కండల నుంచి వచ్చే వ్యర్థం. కండలున్నవాడికి ఎక్కువ, బక్కచిక్కినవాడికి తక్కువ. సరైన తిండి లేని మన ఆడవాళ్లకి కిడ్నీ సగం పోయినా ఆ అంకె చూడ్డానికి చిన్నగానే ఉంటుంది. అందుకే వయసు, ఆడా మగా చూసి లెక్క కట్టాలి. ఆ లెక్కని ఈజీఎఫ్ఆర్ అంటారు. కిడ్నీ నిమిషానికి ఎంత వడగడుతోందో చెప్పే అంకె అది. 90, ఆపైన ఉంటే మంచిది. 60 కంటే తక్కువై, మూడు నెలల తర్వాత చూసినా అలాగే ఉంటే దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉన్నట్టు. 15 కంటే తగ్గిందంటే కిడ్నీలు ఆగిపోయే దశ.

2025లో మా వదినకి రక్తపరీక్ష చేయించాను. ఆవిడకి 48 ఏళ్లు. క్రియాటినిన్ 1.4 వచ్చింది. కాగితం మీద అచ్చేసిన మామూలు గీత కూడా 1.4 దాకా ఉంది. "నార్మలే మేష్టారూ, తీసుకెళ్లండి" అన్నారు. అన్న చనిపోయినప్పటి నేనైతే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేసేవాణ్ని. ఈసారి కదల్లేదు. "వయసు వేసి లెక్క కట్టండి" అని అక్కడే కూర్చున్నాను. కడితే 46 వచ్చింది. అంటే సగం పోయింది. 'నార్మల్' అనే ఒక్క మాటతో మా వదిన్ని మా అన్న దారిలోకే నెట్టబోయారు. మూడు నెలలకి మళ్లీ చూపించాం, అంతే వచ్చింది. నొప్పి మాత్రలు పూర్తిగా మానిపించాం. ఉప్పు తగ్గించాం. డాక్టరు చెప్పినట్టు పరీక్షలకి తీసుకెళ్తున్నాను. ఆ అంకె అక్కడే ఆగి ఉంది. పోయిన కిడ్నీ తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. అన్న విషయంలో మాకు దక్కనిది ఈ అవకాశమే.

వైద్యం ఏమిటి?

కిడ్నీ జబ్బుకి మందే లేదని కొందరు, పసరుతో నయం చేస్తామని కొందరు. రెండూ నమ్మొద్దు. తొందరగా పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంది. బీపీ ఉంటే అదుపులో పెట్టాలి. మూత్రంలో ప్రోటీను పోతున్నవాళ్లకి కిడ్నీని కాపాడే బీపీ మాత్రలు ఉన్నాయి, అవి చవకైనవే. వాటిని డాక్టరు రాసినట్టే, మధ్య మధ్య రక్తపరీక్షతో వాడాలి. షుగరు ఉన్నవాళ్లు దాన్ని సరిగ్గా చూసుకోవాలి, ఎందుకంటే దేశం మొత్తం మీద కిడ్నీలు పోగొట్టే పెద్ద కారణాలు షుగరు, బీపీలే. రాయో, పెద్ద వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ వాపో మూత్రానికి అడ్డం పడితే ఆ అడ్డం తీయించుకోవాలి, వాయిదా వేస్తే కిడ్నీ పోతుంది. భస్మాలు, పసర్లు మానాలి.

అన్నింటికంటే ముందు నొప్పి సూదులు మానాలి. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ పేర్లు గుర్తుపెట్టుకోండి. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినవాడికి ఈ మందు పడితే కిడ్నీకి వెళ్లే రక్తం ఇంకా తగ్గుతుంది. ఒక్కరోజు వేసుకుంటే తట్టుకుంటుందేమో గానీ ఏళ్ల తరబడి తట్టుకోలేదు. జ్వరానికని ఇష్టం వచ్చినట్టు వేసే జెంటమైసిన్, అమికాసిన్ సూదులు కూడా కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పి ఓర్చుకోలేకపోతే తగిన మోతాదులో పారాసిటమాల్ నయం.

నాకు ఆరెంపీ మీద పగ లేదు. అర్ధరాత్రి మన పేటలో తలుపు కొడితే లేచి వచ్చేది అతనొక్కడే. సర్కారు డాక్టరు రాని చోటికి అతను సైకిలు మీద వచ్చాడు. తప్పంతా అతని నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం పాలకులకు సుఖం. మనం అతన్ని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. "ఈ సూది వద్దు, రక్తపరీక్షకి పంపు" అని పేట మొత్తం ఒక్క మాట మీద నిలబడితే అతను మాత్రం ఎందుకు వేస్తాడు?

కిడ్నీలు పూర్తిగా ఆగిపోయినవాళ్లకి రెండే దారులు: డయాలసిస్, కిడ్నీ మార్పిడి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు, రక్తాన్ని యంత్రంలో వడగట్టించుకోవడం. ఒకప్పుడు దీనికోసం రెండు వందల కిలోమీటర్లు విశాఖ దాకా వెళ్లేవాళ్లం. బస్సు చార్జీలకే పుస్తెలు అమ్ముకున్నారు. తర్వాత మన దగ్గరే కేంద్రాలు వచ్చాయి. ఇంకో సంగతి. మంచానపడ్డవాడికి ప్రేమ కొద్దీ కొబ్బరి నీళ్లు తాగిస్తుంటారు. కిడ్నీ ముదిరిపోయినవాడి ఒంట్లో పొటాషియం పేరుకుపోయి ఉంటుంది. కొబ్బరి నీళ్లలో ఉన్నదీ అదే. అది మితిమీరితే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాడికి కొబ్బరి నీళ్లు విషమవుతాయని మాకెవరు చెప్పారు? నేనే స్వయంగా మా అన్నకి గ్లాసుతో పట్టాను.

పింఛను ఇచ్చారు కదా అంటారు

అంటారు. ఇచ్చింది నిజమే. డయాలసిస్ రోగులకి 2019లో నెలకి పదివేల రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే సుమారు 700 కోట్ల పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. ఇవి ఎవడో దయతలచి పెట్టిన బిచ్చం కాదు. రోడ్ల మీద కూర్చున్న జనం, శవాల్ని మోసి మోసి భుజాలు కాయలు కాసిన జనం సాధించుకున్నవి. వాటిని వద్దనడానికి మనమెవరం?

అయితే ఈ లెక్క చూడండి. పెద్ద పింఛను ఎప్పుడొస్తుంది? కిడ్నీలు పోయాక. డయాలసిస్ ఎప్పుడు? పోయాక. ఫ్లెక్సీలు, రిబ్బన్ కటింగులు ఎప్పుడు? పోయాక. కిడ్నీ ఇంకా సగం మిగిలి ఉన్న కూలీ కోసం ఏం చేశారు? అతనికి ఏడాదికొకసారి రక్తం తీసి, ఇంటికొచ్చి అంకె చెప్పి, మళ్లీ మూడు నెలలకి రమ్మని వెంటపడేవాళ్లు ఎంతమంది ఉన్నారు? క్రియాటినిన్ రక్తపరీక్షల్లో చవకైన వాటిలో ఒకటి. దానికి రిబ్బను కట్టడానికి కుదరదు, శిలాఫలకం పెట్టడానికి కుదరదు. అందుకే అది ఎవరికీ పట్టదు.

ఇక పెద్దమనుషుల మాటలు వేరే ఉన్నాయి. "తాగుబోతులు, అందుకే పోతున్నారు." మా అన్న సారా ముట్టలేదు. ముట్టని ఆడవాళ్లు ఎంతమంది పోయారు? "శుభ్రం ఉండదు." మీ వీధులు ఊడ్చేది మేమే, మీ తోటలు శుభ్రం చేసేది మేమే. "నీళ్లు సరిగా తాగరు." ఈ ఆఖరి మాటకి మాత్రం కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

నీళ్లు తాగొద్దని నేర్పిందెవరు?

నేను బళ్లో పాఠం చెబుతాను. ఎండాకాలం మధ్యాహ్నం గంట కొట్టాక మగపిల్లలు కుళాయి మీద పడతారు. ఆడపిల్లలు పడరు. ఒకసారి ఏడో తరగతి పిల్లని అడిగాను, "దాహం వెయ్యదా అమ్మా?" అని. తలొంచుకుని "తాగితే ఒంటికి పోవాలి కద మేష్టారూ" అంది. బళ్లో మరుగుదొడ్డి ఉంది. తలుపు ఉంది. లోపల నీళ్లు లేవు. 2009 విద్యాహక్కు చట్టం ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉండాలంది. 2012లో సుప్రీంకోర్టు కూడా ప్రతి బడికీ ఉండి తీరాలని చెప్పింది. గది కట్టారు, బిల్లు పెట్టారు. బకెట్టు నీళ్లు పెట్టడం మర్చిపోయారు.

ఆ పిల్ల తల్లి తోటలో కూలి. పొద్దున్న చీకట్లో ఒంటికి వెళ్తే మళ్లీ సాయంకాలం చీకటి పడాలి. తోట యజమాని చూస్తాడు, మేస్త్రి చూస్తాడు. అందుకని నీళ్లు తాగదు. పట్నంలో రోడ్లూడ్చే మా రెల్లి అక్కచెల్లెళ్లదీ ఇదే గతి. ఊరంతా శుభ్రం చేసేవాళ్లకి ఆ ఊళ్లో ఒంటికి వెళ్లే చోటు లేదు. నీళ్లు తాగక, మూత్రం బిగబట్టి బిగబట్టి, మంటతో మెలికలు తిరుగుతారు. ఎవరికీ చెప్పుకోరు. చెప్పుకుంటే సిగ్గు. "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు.

అక్కలారా, అది వేడి కాదు, సిగ్గుపడాల్సిన జబ్బూ కాదు. ఆడవాళ్లకి మూత్రం వచ్చే దారి చాలా పొట్టి గనుక క్రిములు తేలిగ్గా పైకి పాకుతాయి. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపు నొప్పి, వాసన, రక్తపు చార ఉంటే మూత్రపరీక్ష చేయించుకోవాలి. డాక్టరు రాసిన మందు ఐదు రోజులంటే ఐదు రోజులూ వాడాలి. రెండో రోజు తగ్గిందని మానేస్తే క్రిమి మొండిదవుతుంది. చలిజ్వరం, వీపు పక్కన పోటు, వాంతులు వచ్చాయంటే క్రిమి కిడ్నీ దాకా ఎక్కిందన్నమాట. ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. గర్భిణికి ఏ మంటా లేకపోయినా మూత్రపరీక్ష చేయాలి, లేకపోతే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉంది. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగరు, స్కానింగు చూడాలి. అలా వచ్చిన ప్రతి మంటకీ కిడ్నీ పోదు, భయపడకండి. పట్టించుకోకుండా వదిలేస్తేనే ప్రమాదం.

ఇప్పుడు చెప్పండి, మనకి నీళ్లు తాగొద్దని నేర్పిందెవరు?

ఈ దేశంలో నీళ్లు ఎప్పుడూ ఉత్త నీళ్లు కావు. 1923లోనే బొంబాయి శాసనమండలి చెరువులు అందరివీ అని తీర్మానం చేసినా, 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి తాగేదాకా మహాడ్ చవదార్ చెరువు నీళ్లు మనకి అందలేదు. ఆ నీళ్ల మీద హక్కుకి కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. 1985లో కారంచేడులో మాదిగలు తాగే నీళ్లని పాడుచేయొద్దన్నందుకు గొడవ మొదలైంది. జులై 17న ఆరుగురిని నరికి చంపారు. ఇవాళ చెరువు దగ్గర కర్ర పట్టుకుని ఎవరూ నిలబడకపోవచ్చు. పైపు ఊళ్లోకి వస్తుంది, పేట చివరి ఇంటికొచ్చేసరికి గాలి వస్తుంది. తోటలో బిందె ఉంటుంది, గట్టు మీద యజమాని దగ్గర ఉంటుంది. కూలీకి అందకుండా చేయడానికి ఇన్ని దారులున్నాయి.

పనిచోట నీళ్లు, నీడ, విశ్రాంతి. కిడ్నీ విషయంలో ఈ మూడూ మందుల్లాంటివే. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరుకు కూలీలకి వేళకి నీళ్లు ఇచ్చి, నీడన కూర్చోబెట్టి, మధ్య మధ్య పని ఆపితే కిడ్నీ దెబ్బ తగ్గిందని పరిశోధకులు చూశారు. మన దేశంలో 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కూడా పనిచోట తాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని రాసింది. ఎన్ని మట్టిపనుల దగ్గర ఆ పందిరి చూశారు మీరు?

మన తప్పు కూడా చెప్పుకుందాం

విగ్రహం కోసం కొట్లాడాం. శ్మశానం జాగా కోసం కొట్లాడాం. అది సరైనదే. అయితే శ్మశానానికి మనం ఇంత తొందరగా ఎందుకు పోతున్నామని ఎన్ని సభల్లో అడిగాం? మేష్టర్లం, గుమాస్తాలం, చదువుకున్నవాళ్లం ఏప్రిల్ 14న దండలు వేసి ఉపన్యాసాలు ఇస్తాం. మన ఇంట్లో చెట్టెక్కే అన్నకి రక్తపరీక్ష చేయించాలని మనకి తోచదు. ఈ తప్పు మొదట నాది.

అంచేత ఇవి అడుగుదాం:

ఒకటి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్రియాటినిన్ పరీక్ష ఉండాలి, కాగితం మీద ఈజీఎఫ్ఆర్ లెక్క తప్పనిసరిగా వేసి ఇవ్వాలి.

రెండు. ఈ జబ్బున్న ప్రాంతాల్లో ముప్పై దాటిన ప్రతి కూలీకీ ఏడాదికొకసారి పేటలోనే రక్తం, మూత్రం, బీపీ పరీక్ష చేయాలి. తేడా వచ్చినవాళ్లకి మూడు నెలలకి మళ్లీ చేయాలి.

మూడు. పనిచోట నీళ్లు, నీడ, విశ్రాంతి. జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకి ఎండలేని పని.

నాలుగు. బడిలో, పనిచోట, బజారులో నీళ్లున్న మరుగుదొడ్డి.

ఐదు. మంచి నీటి కుళాయి పేట చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

సర్కారు ఇచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మా పేటలో ఒక పుస్తకం పెట్టాం. బళ్లో హాజరుపట్టీ లాంటిదే. పేరు, వయసు, పరీక్ష తేదీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, బీపీ, మళ్లీ ఎప్పుడు. చదువుకున్న కుర్రాళ్లు ఇంటింటికీ వెళ్లి పిలుచుకొస్తున్నారు. ఎవరి అంకెలూ బజార్న పెట్టం, ఎవరి కాగితం వాళ్లకే. మీ పేటలోనూ ఒకటి పెట్టండి. నూరు పేజీల నోటుబుక్కు చాలు. ఆ పుస్తకం పట్టుకుని ఆసుపత్రికీ, కలెక్టరాఫీసుకీ వెళ్దాం. మా మాట కాదు, మా లెక్క చూడండి అందాం.

మా పుస్తకంలో మొదటి పేరు మా వదినది. అన్న పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. మీ పుస్తకంలో అలాంటి ఖాళీ లేకుండా చూసుకోండి.

జై భీమ్!